ప్రార్థనకు జవాబిచ్చేది మన విశ్వాసమా? దేవుడా?

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: మార్కు 9:14-29

 

ఈ దినము మన ధ్యానమునకు కారణము ఒక ఉత్తరము. వ్రాసిన సహోదరి పేరు, ఊరు చెప్పను. ఆమె భర్తకు రెండు మూత్రపిండాలు చెడిపోయాయి. రెండేళ్లు డయాలసిస్ చేయించారు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. అయినా ఆయన ప్రభువునందు నిద్రించారు. జ్ఞాపకార్థ కూటమునకు వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆమెను పక్కకు పిలిచి, "అమ్మా, మీ ఇంట్లో ఎవరికో విశ్వాసము చాలలేదు, లేకపోతే స్వస్థత జరిగి ఉండేది" అన్నాడట. ఆనాటినుండి ఆమెకు నిద్ర లేదు. డాక్టరుగారు ఇక ఆశ లేదని చెప్పిన రాత్రి ఆమె మనసులో ఒక్క నిమిషము సందేహము కలిగిందట. "ఆ ఒక్క నిమిషము వల్లనే నా భర్త చనిపోయాడా?" అని అడుగుతున్నది.

ఉత్తరములో ఇంకొక మాట కూడా ఉంది. ఇంజనీరింగు చదువుతున్న కుమారుడు గుడికి రావడం మానివేశాడు. "అమ్మా, ప్రార్థన అంటే మనసుకు మనమే చెప్పుకునే ధైర్యం. ఎవరు దేన్ని గట్టిగా నమ్మినా అంతే జరుగుతుంది. వినేవాడంటూ ఎవడూ లేడు" అంటున్నాడట. "అయ్యగారూ, ప్రార్థనకు జవాబిచ్చేది దేవుడా, మన విశ్వాసమా? నాకు తెలియజేయండి" అని ఆ సహోదరి కోరింది.

ప్రియులారా, ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. ప్రార్థించిన ప్రతివారి హృదయములోనూ ఎప్పుడో ఒకప్పుడు తలెత్తే ప్రశ్నే.

1. రెండు మాటలు, ఒకే పొరపాటు

ఆ ప్రసంగీకుడు, ఈ కుమారుడు ఒకరికొకరు వ్యతిరేకులుగా కనిపిస్తారు. ఒకరు బైబిలు పట్టుకున్నవాడు, ఇంకొకరు బైబిలు పక్కన పెట్టినవాడు. కాని ఇద్దరి మాటలూ కొంచెము ఆలోచించి చూడండి. "పని జరిగేది నీలోని నమ్మకము వల్లనే" అని ఇద్దరూ అంటున్నారు. శక్తి అంతా మనిషి మనసులో ఉందని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒకరు ఆ శక్తికి విశ్వాసమని పేరు పెట్టారు, మరొకరు మనోబలమని పేరు పెట్టారు. ఇద్దరి మాటల్లోనూ పని లేకుండా పోయినవాడు దేవుడే.

కుమారుడు చెప్పినదానిలో కొంత నిజముంది. మందు లేని మాత్ర ఇచ్చి మందని చెబితే కొందరికి నొప్పి తగ్గినట్టుంటుంది. వైద్యులు దీనిని ఎరుగుదురు. అందుకే కొత్త మందును పరీక్షించేటప్పుడు కొందరికి ఉత్తమాత్ర ఇచ్చి పోల్చి చూస్తారు. మనసు నెమ్మదిగా ఉంటే శరీరమునకు మేలే. కాని నమ్మకమే అసలు శక్తి అయితే, నమ్మకము ఎక్కువున్నచోట జవాబు ఎక్కువగా, తక్కువున్నచోట తక్కువగా రావాలి కదా? పరిశుద్ధ గ్రంథము అలా చూపించడంలేదు.

2. నమ్మకము నిండుగా ఉన్నా జవాబు రాని కొండ

మొదటి రాజులు 18వ అధ్యాయము తెరచి చూడండి. కర్మెలు కొండమీద బయలు ప్రవక్తలు 450 మంది. ఉదయమునుండి మధ్యాహ్నము వరకు పిలిచారు. బలిపీఠము చుట్టూ గంతులు వేశారు. రక్తము కారేవరకు కత్తులతో తమను కోసుకున్నారు. నమ్మకము లేనివాడు తన దేహమును కోసుకుంటాడా? వారి పట్టుదలకు, వారి యథార్థతకు లోటు లేదు. అయినా సాయంకాలము వరకు పలికినవాడు లేడు.

తరువాత ఏలీయా వచ్చాడు. ఆయన చేసినది చిన్న ప్రార్థన. రెండు వచనములలో అయిపోయింది. అగ్ని దిగివచ్చింది. ఏలీయా నమ్మకము 450 మంది నమ్మకముకంటె బరువైనదని అక్కడ వ్రాయబడలేదు. ప్రజలు సాగిలపడి ఒప్పుకున్నది యెహోవాయే దేవుడని. ఏలీయాకు గొప్ప విశ్వాసముందని కాదు.

మన పల్లెల్లో నూతిలో చేద వేసి నీళ్లు తోడినవారికి ఇది తెలుసు. చేద కొత్తదే, తాడు గట్టిదే, తోడేవాడు బలవంతుడే. కాని ఎండిపోయిన నూతిలో పొద్దస్తమానము తోడినా చుక్క రాదు. నీళ్లున్న నూతిలోనైతే పాత చేద, ముడులు వేసిన తాడు కూడా దాహము తీరుస్తాయి. నీళ్లు నూతిలోవి, చేదలోవి కావు.

3. నమ్మకము అరకొరగా ఉన్నా జవాబు వచ్చిన ఇల్లు

ఇప్పుడు అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయమునకు రండి. పేతురు చెరసాలలో ఉన్నాడు. తెల్లవారితే హేరోదు అతని ప్రాణము తీయనున్నాడు. మార్కు తల్లియైన మరియ ఇంట సంఘము కూడి ప్రార్థిస్తున్నది. దేవుని దూత పేతురును విడిపించాడు. అతడు వచ్చి తలుపు తట్టాడు. రొదే అనే చిన్నది అతని స్వరము గుర్తుపట్టి, సంతోషముతో తలుపు తీయడము కూడా మరచి లోపలికి పరుగెత్తి చెప్పింది. ప్రార్థన చేస్తున్నవారు ఏమన్నారు? నీకు పిచ్చి అన్నారు. పేతురు విడుదల కొరకు ప్రార్థిస్తున్నవారే పేతురు వచ్చాడంటే నమ్మలేదు! తలుపు తీసి చూసి విభ్రాంతి పొందారు. మన ప్రార్థనా కూటములు కూడా చాలాసార్లు ఇలాగే ఉంటాయి కదా?

ఆ రాత్రి సంకెళ్లు ఊడినది సంఘపు నమ్మకము వల్లనే అయితే, పేతురు ఇంకా లోపలే ఉండేవాడు.

మన వాక్యభాగములోని తండ్రిని చూడండి. చిన్నతనమునుండి బాధపడుతున్న కుమారుని తీసుకొని వచ్చాడు. శిష్యుల వల్ల కాలేదు. యేసుతో మాట్లాడేటప్పుడు కూడా, నీవల్లనైతే అన్న అనుమానముతోనే అడిగాడు. ప్రభువు ఆ అనుమానమును సరిదిద్దాడు. అప్పుడా తండ్రి నమ్ముతున్నానని కేక వేసి, అదే ఊపిరిలో తన అపనమ్మకము విషయములో సహాయము చేయమని వేడుకొన్నాడు (మార్కు 9:24). సగము విశ్వాసము, సగము భయము. యేసుప్రభువు అతనితో "వెళ్లి నీ సందేహమంతా పోయాక రా" అన్నాడా? లేదు. అప్పుడే, అక్కడే, ఆ పిల్లవానిని బాగుచేశాడు.

4. మరి విశ్వాసము దేనికి?

"అయ్యగారూ, అయితే విశ్వాసము అక్కరలేదా? రక్తస్రావముగల స్త్రీతో ఆమె విశ్వాసమే ఆమెను బాగుచేసిందని ప్రభువే చెప్పాడు కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. మార్కు 5:34లో ఆ మాట ఉంది. కాని దానికి నాలుగు వచనములు పైన, 30వ వచనములో ఏమున్నది? ప్రభావము యేసులోనుండి బయలువెళ్లింది. ఆమెలోనుండి కాదు. ఆమె విశ్వాసము చాపిన చెయ్యి మాత్రమే. చెయ్యి అన్నము వండదు, అందుకుంటుంది. ఆకలిగొన్నవాడు చెయ్యి చాపకపోతే పెట్టినది అందుకోలేడు. అంతమాత్రాన "నా చెయ్యే నా కడుపు నింపింది" అని ఎవడూ అనడు.

నజరేతు సంగతి కూడా అంతే (మార్కు 6:5-6). అక్కడివారి అవిశ్వాసము ప్రభువు శక్తిని తగ్గించలేదు. వారు ఆయన దగ్గరకు రాలేదు, ఆయనను తృణీకరించారు. అయినా అక్కడ కూడా కొద్దిమంది రోగులమీద ఆయన చేతులుంచి స్వస్థపరిచాడని ఉంది. యాకోబు పత్రికలో సందేహించువానిని గూర్చిన హెచ్చరిక (1:6-8) రెండు మనసులవానిని గూర్చినది. దేవునినీ లోకమునూ రెండింటినీ పట్టుకొని ఊగేవాడు వాడు. ఆసుపత్రి వరండాలో వణుకుతూ ప్రభువా అని ఏడ్చే భార్యకు ఆ వచనమును రాయిగా విసరకూడదు.

ఆవగింజంత విశ్వాసము అన్నప్పుడు ప్రభువు చెప్పదలచినది కూడా ఇదే. ఎంత పెద్దది అన్నది లెక్కకాదు. ఎవరిమీద ఉన్నది అన్నదే లెక్క.

నర్సాపురము రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లికి గోదావరి దాటినవారు మీలో ఉంటారు. రోజూ దాటేవాడు కూర్చొని కునుకు తీస్తాడు. మొదటిసారి ఎక్కిన ముసలమ్మ కమ్మీ గట్టిగా పట్టుకొని కళ్లు మూసుకొంటుంది. ఇద్దరూ ఒకేసారి ఒడ్డు చేరతారు. దాటించినది పంటు. ముసలమ్మ చేయవలసినది పంటు ఎక్కడమే. అదే విశ్వాసము. ఎక్కిన తరువాత ఆమె వణికినంతమాత్రాన పంటు మునగదు.

5. లెక్కకు చిక్కని దేవుడు

ఆ కుమారునివంటి యౌవనులు అడిగే ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో ఆరు ఆసుపత్రులలో గుండెకు బైపాస్ ఆపరేషను చేయించుకున్న 1802 మందిమీద చేసిన ఒక పరిశోధన ఫలితములు 2006లో వెలువడ్డాయి. కొందరి కొరకు ఇతరులు ప్రార్థించారు, కొందరి కొరకు ప్రార్థించలేదు. ఎవరి కొరకు ప్రార్థన జరుగుతున్నదో చెప్పని రెండు గుంపుల మధ్య తేడా కనబడలేదు. తమ కొరకు తప్పక ప్రార్థన జరుగుతుందని తెలిసినవారిలో మాత్రము నూటికి 59 మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. జరుగుతుందో లేదో తెలియకుండా ప్రార్థన పొందినవారిలో అది నూటికి 52.

దీనిని చూపి కొందరు దేవుడు లేడన్నారు. నేను ఆ పరిశోధనను దాచిపెట్టను, దానికి భయపడను. అది నాకు నేర్పింది ఇది: ప్రార్థన అన్నది మీట నొక్కితే పనిచేసే యంత్రము కాదు. నమ్మకమే శక్తి అయితే, తమ కొరకు ప్రార్థన జరుగుతున్నదని తెలిసినవారికి ఎక్కువ మేలు కలగాలి. అలా జరగలేదు. ఇక దేవుడంటారా, ఆయన తండ్రి. కాగితముమీద రెండు వరుసలు గీసి, ఈ వరుసవారికి ఇస్తావా లేదా చూస్తామంటే లోబడేవాడు కాడు. ప్రయోగశాలలో దేవుని రుజువు చేయగలనని నేను చెప్పను. ఆ ప్రయోగము ఆయనను కొట్టివేయగలదని కూడా ఒప్పుకోను.

6. ఒంగోలు కొండమీద ఐదుగురు

మన నేలమీదనే జరిగిన సంగతి ఒకటి చూద్దాము. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో పని మొదలుపెట్టింది. ఎన్ని సంవత్సరములు కష్టపడినా ఫలము కొద్దిగానే కనిపించింది. 1853లో అమెరికాలో జరిగిన సమావేశములో ఈ తెలుగు మిషనును మూసివేద్దామా అన్న చర్చ కూడా వచ్చింది. అటువంటి రోజులలో లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, జూలియా మొదలైన తెలుగు విశ్వాసులు, మొత్తము ఐదుగురు, ఒంగోలు వచ్చారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఊరి పక్కనున్న కొండ ఎక్కి, ఆ ప్రాంతమునకు ఒక సువార్తికుని పంపుమని ప్రార్థించారు.

జవాబు ఎప్పుడు వచ్చింది? ఆ సంవత్సరము రాలేదు. మరుసటి సంవత్సరమూ రాలేదు. జాన్ క్లౌ దొరగారు 1865లో మన దేశమునకు వచ్చి, 1866లో ఒంగోలు చేరారు. పన్నెండేళ్లు! ఆ పన్నెండేళ్లలో ఆ ఐదుగురికి ఎన్నిసార్లు నిరాశ కలిగి ఉంటుందో ఊహించండి.

ఈలోగా వారికి తెలియని చోట దేవుడు పనిచేస్తూనే ఉన్నాడు. తాళ్లకొండపాడులో పేరయ్యగారని తోళ్ల వ్యాపారము చేసే మాదిగ సహోదరుడు ఉండేవాడు. సత్యమును వెదుకుతూ యోగులవద్దకు తిరిగినవాడు. 1866లో ఆయన బాప్తిస్మము పొందాడు. ఆయన ద్వారా సువార్త ఎన్నో మాదిగపల్లెలకు వెళ్లింది. కొండమీద ప్రార్థించిన ఐదుగురు పేరయ్యగారి పేరు ఎత్తి అడగలేదు. వారు అడిగినది ఊరికి ఒక సువార్తికుని. దేవుడు ఊళ్లలోనే మనుష్యులను సిద్ధపరచాడు.

తరువాత 1876-78 మహా కరవు వచ్చింది. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకములో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. సహాయము కొరకే వస్తారేమోనని కరవు పనులు నడిచినంతకాలము బాప్తిస్మములు ఆపివేశారు. పనులు ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మము పొందారు.

ప్రియులారా, ఇది ఐదుగురి విశ్వాసము చేసిన పనా? ఐదుగురు మనసులో ఎంత గట్టిగా అనుకున్నా అమెరికాలో ఒక యౌవనుని హృదయము కదులుతుందా? తాళ్లకొండపాడులో ఒకనికి సత్యముకొరకు దాహము పుడుతుందా? కరవు మంచిదని నేను చెప్పడంలేదు. అందులో లక్షలాది ప్రాణములు పోయాయి. ఎవరూ దానిని ప్రార్థించి అడగలేదు. అటువంటి చీకటిలో కూడా దేవుడు తన పని ఆపలేదని మాత్రమే చెబుతున్నాను. వారు అడిగారు, ఇచ్చినవాడు ఆయన. ఇచ్చిన సమయము, ఇచ్చిన విధానము వారి ఊహలో లేనివి.

7. జవాబు "కాదు" అయినప్పుడు

ఇప్పుడు ఆ సహోదరి ప్రశ్నకు వస్తాను. అమ్మా, గెత్సేమనేలో మన ప్రభువు ఆ గిన్నె తొలగిపోవాలని మూడుమార్లు ప్రార్థించాడు. గిన్నె తొలగలేదు. ఆయనకు విశ్వాసము చాలలేదని ఎవరైనా అనగలరా? పౌలు తన శరీరములోని ముల్లు కొరకు మూడుమార్లు వేడుకొన్నాడు (2 కొరింథీ 12:8-9). ముల్లు పోలేదు, కృప దొరికింది. పేతురు విడుదల పొందిన ఆ 12వ అధ్యాయములోనే, రెండవ వచనములో, యాకోబు కత్తితో చంపబడ్డాడు. ఒకే సంఘము, ఒకే దేవుడు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయములో విశ్వాసము వల్ల ఖడ్గధారను తప్పించుకున్నవారూ ఉన్నారు (34), ఖడ్గముతో చంపబడినవారూ ఉన్నారు (37). రెండు గుంపులనూ ఆ విశ్వాసమునుబట్టే సాక్ష్యము పొందినవారని లేఖనము చెబుతున్నది.

బ్రిస్టల్‌లో అనాథాశ్రమములు నడిపిన జార్జి ముల్లర్ గారి పేరు మీరు వినియుంటారు. 1836లో మన గోదావరి ప్రాంతమునకు మిషనెరీలను తీసుకువచ్చిన గ్రోవ్స్ గారు ఆయన భార్యకు స్వయాన అన్న. ముల్లర్ గారు చందాలు అడగకుండా ప్రార్థన ద్వారానే దాదాపు పదివేలమంది అనాథలను పోషించారు. అటువంటి ప్రార్థనాపరుని పసిబిడ్డ 1835లో చనిపోయాడు. 1870లో భార్య కన్నుమూసింది. ఆయన తానే ఆమె భూస్థాపన ప్రసంగము చేశారు. ఎంచుకున్న వాక్యము కీర్తన 119:68, దేవుని మంచితనమును గూర్చినది. పిల్లల అన్నము కొరకు ప్రార్థించినప్పుడు ఉన్న విశ్వాసము, భార్య మంచము పక్కన లేకుండా పోయిందా? లేదు.

కాబట్టి, అమ్మా, మీ భర్త మీ సందేహము వల్ల చనిపోలేదు. ఒక్క నిమిషపు వణుకుకు దేవుడు శిక్ష వేయడు. ఆయన ఎందుకు తీసుకున్నాడో నాకు తెలియదు. తెలుసని చెబితే నేను కూడా ఆ ప్రసంగీకునివలె అయిపోతాను. మీ ప్రార్థనను విన్నవాడు ఉన్నాడని మాత్రము తెలుసు. ఆయన తన సొంత కుమారుని సమాధిని ఎరిగినవాడు.

ఈ ధ్యానము ముగించకముందు మూడు మాటలు.

మొదటిది, మీ విశ్వాసమును రోజూ త్రాసులో వేసి తూచుకోకండి. తూచేవాడు తనవైపే చూసుకుంటాడు. ప్రభువువైపు చూడండి.

రెండవది, విశ్వాసము చూపించాలని మందులు మానకండి. షుగరు మాత్రలు, క్షయ మందులు మధ్యలో ఆపి ప్రాణము మీదికి తెచ్చుకున్నవారున్నారు. హిజ్కియా ప్రార్థన దేవుడు విన్నాడు, అయినా పుండుమీద అంజూరపు ముద్ద పెట్టించాడు (యెషయా 38:21). ఇచ్చేవాడు దేవుడే గనుక, ఆయన డాక్టరు చేతితో ఇచ్చినా ఆయన ఇచ్చినదే.

మూడవది, దుఃఖములో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు "మీ విశ్వాసము తక్కువ" అనే మాట నోట రానివ్వకండి. అలాగే సాక్ష్యము చెప్పేటప్పుడు "నా విశ్వాసము వల్ల ఉద్యోగము వచ్చింది" అనకండి. ప్రభువు దయచేశాడు అనండి. ఆ వరుసలో వెనుక కూర్చున్న ఒక విధవరాలు వింటూ ఉంటుంది.

బాబూ, తల్లి ఉత్తరములో నీ మాట వ్రాసింది గనుక నీతో కూడా ఒక మాట. మీ నాన్నగారి కొరకు చేసిన ప్రార్థన గోడకు చెప్పినట్టయిందని నీకు కోపము. ఆ కోపమును దేవునికే చెప్పు. కీర్తనలు వ్రాసినవారు అలాగే చెప్పారు. వినేవాడు లేడనుకుంటే కోపము ఎవరిమీద? నీ అపనమ్మకముతోనే రా. మార్కు 9వ అధ్యాయములోని తండ్రి అలాగే వచ్చాడు.

ప్రార్థించుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, మా విశ్వాసము చిన్నదని నీవు ఎరుగుదువు. దానిమీద కాక నీమీద ఆనుకొనుటకు మాకు సహాయము చేయుము. నీవు ఇచ్చినప్పుడు మా గొప్ప అని చెప్పుకోకుండా మా నోటిని కాపాడుము. నీవు ఇవ్వనప్పుడు మమ్మును మేము నిందించుకోకుండా మా హృదయములను కాపాడుము. భర్తను పోగొట్టుకున్న ఈ సహోదరిని, తండ్రిని పోగొట్టుకున్న ఆ బిడ్డను నీ చేతిలో పెట్టుచున్నాము. ఈ రాత్రి ఆమెకు నిద్రనిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.